పెద్ద అక్షరాల మనిషి

అతను పోయాడన్న సంగతి గురువారం సంతలో, విస్తళ్లు కుట్టే అడ్డాకుల మోపు ముందు నిలబడి ఉండగా తెలిసింది. ఆకులమ్మే ఆమె నన్ను గుర్తుపట్టి, "బడి బాబు గదా తవరు? మా సదువాయన పోనాడు. వానలకి ముందే పోనాడు" అంది. ఏమైందని అడిగాను. "ఏటవుద్ది బాబూ, ఆపీసుకెళ్లి తిరిగొత్తా ఘాటీలో ఓ రాతి మీద కూకున్నాడు. మరి నెగనేదు" అని, ఆకులు కట్టి నా చేతిలో పెట్టింది.

అతని గురించి రాయవలసినవాణ్ణి నేను కాను. కానీ ఈ సంగతి మొదటినుంచీ తెలిసి, రాయడం వచ్చినవాళ్లు ఇద్దరమే మిగిలాం. రెండోవారు మా మాస్టారు. ఆయన రాయరు. పోయినవాడి పేరు మాత్రం చెప్పను. అతని ఊరివాళ్ల మీద అడవి కేసులు ఇంకా నడుస్తున్నాయి.

అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. విజయనగరంలో బి.ఏ. మొదటి సంవత్సరం. ఏజెన్సీలో సర్కారు మీద లేచిన ఫితూరీ అణిగి ఏడాది కూడా కాలేదు. కాలేజీ కుర్రాళ్లందరికీ ఏదో ఒక సేవ చేయాలని తహతహగా ఉండే రోజులవి. కొందరు ఖద్దరు కట్టారు. కొందరు జైలుకు వెళ్లారు. రెండింటికీ ధైర్యం చాలనివాళ్లం ఆరుగురం మా ఇంగ్లీషు మాస్టారి చుట్టూ చేరి సేవాసంఘం పెట్టుకున్నాం.

అనంతగిరి ఘాటు రోడ్డు మొదలయ్యేచోట ఒక ఊరు, ఆ ఊళ్లో ఒక హైస్కూలు. దాని వెనక పెంకుటి సాలలో, కొండల మీదనుంచి దిగివచ్చిన విద్యార్థులు పన్నెండుమంది ఉండి చదువుకునేవారు. బడిలో వాళ్లకు వెనక బెంచీలు. ఏడాది తిరక్కుండా సగంమంది పరీక్ష తప్పి కొండెక్కిపోయేవారు. శనాదివారాల్లో వెళ్లి వాళ్లకు పాఠాలు చెప్పి గట్టెక్కించడం మా పని. ఒక్కొక్కరికి ఇద్దరేసి విద్యార్థులను అప్పగించి, "పంతుళ్లలా కాదు, అన్నగారిలా ఉండండి" అన్నారు మాస్టారు.

మొదటిసారి మోటారు దిగి వెళ్లేసరికి సాల ముందు ఒక మనిషి గొంతుక్కూర్చుని కొండచీపురు పుల్లలు ఏరుతున్నాడు. మీసం ఉంది. భుజాలు బరువు మోసి గట్టిపడ్డ భుజాలు. కావలివాడనుకుని నా పరుపుచుట్ట అతని ముందు పడేసి, "ఒరే, ఇది లోపల పెట్టు" అన్నాను. అతను లేచి, చుట్ట భుజానికెత్తుకుని లోపల పెట్టడమే కాక, నేల తుడిచి పరుపు పరిచి మరీ వచ్చాడు. సాయంత్రం పేర్లు పిలిచినప్పుడు నాకు అప్పగించిన ఇద్దరిలో రెండోవాడు లేచి నిలబడ్డాడు. అతనే.

"నానూ సదూతన్నాను బాబూ" అన్నాడు, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

మావాళ్లు నవ్వారు. అతను నవ్వలేదు, నొచ్చుకోనూ లేదు. మరుసటి వారం నుంచి నేనడక్కుండానే నా పరుపుచుట్ట అందుకునేవాడు. వద్దని నేను ఒక్కసారీ అనలేదు. ఒరే అనడమూ మానలేదు. అతను నాకంటే మూడు నాలుగేళ్లు పెద్ద. పెళ్లయినవాడు. కొండ మీద ఒక కూతురు కూడా ఉంది. అతనికి నేను అన్నగారిని.

అతణ్ణి చదువుకు పంపింది తల్లిదండ్రులు కాదు, ఊరు. వెనకెప్పుడో, ఆ కొండ పల్లెల మీద పెత్తనం చేసే ముఠాదారు మనిషి ఒక కాగితం తెచ్చి ఊరందరి చేతా వేలిముద్రలు వేయించాడట. అది రోడ్డు పనికి ఒప్పుకోలు అని వానలు వెళ్లాక గాని తెలియలేదు. ఆ ఏడు చోళ్లు కోయకుండానే ఊరు ఊరంతా ఘాటు రోడ్డు మీద రాళ్లు మోసింది. కంకులు చేలోనే రాలిపోయాయి. అప్పుడు పెద్దలు కూర్చుని, మనలో ఒకడు చదవాలి అనుకున్నారు. పసివాణ్ణి పంపితే కిందనే మరిగిపోతాడు, పెళ్లామున్నవాడైతే తిరిగొస్తాడు అని, పదిహేనేళ్లకే పెళ్లయిన ఇతణ్ణి దింపారు. ఏడెనిమిదేళ్లుగా అతని పోడు ఊరివాళ్లే చేసి, పంట అతని ఇంటికి చేరవేస్తున్నారు.

"మాం ముప్పయ్యిళ్లోలం బాబూ. అందరి సదువూ నానే సదూతన్నాను" అన్నాడొకసారి.

అతను చదివే తీరు విడ్డూరంగా ఉండేది. వేలు వరస కింద జరుపుకుంటూ గట్టిగా చదివి, వాక్యం ముగిసిన చోట వేలెత్తి ఎదుటివాడి ముఖంలోకి చూసేవాడు. చెప్పింది వాళ్లకు చేరిందో లేదో చూసుకుని గాని ముందుకు పోయేవాడు కాదు. మనసులో చదువుకోరా అంటే ఆశ్చర్యపోయాడు. "మనసులో సదివితే ఎవులికి ఇనపడతాది?" అన్నాడు. రాత కూడా అంతే. ఒక్కో అక్షరం బొటనవేలంత. ఒక వ్యాసానికి నాలుగు కాగితాలు పట్టేవి. చిన్నగా రాయమని ఎన్నోసార్లు మందలించాను. "దూరంగా కూకున్నోలికి అగుపడాల గదండి" అనేవాడు. ఎవరు కూర్చుంటారు దూరంగా అంటే, చేత్తో కొండవైపు చూపించేవాడు.

ప్రశ్న అడిగితే వెంటనే జవాబు రాదు. నేలవైపు చూస్తూ ఉండిపోతాడు. ఆ మౌనం ఎంతసేపుండేదంటే నేను రెండో విద్యార్థికి ఒక లెక్క చెప్పి మళ్లీ ఇటు తిరగవచ్చు. మొద్దు అని నా నోటు పుస్తకంలో రాసుకున్నాను. తర్వాత తెలిసింది, వాళ్ల ఊళ్లో పెద్దవాళ్లడిగినదానికి తడుముకోకుండా జవాబు చెప్పడం మర్యాద కాదట. అడిగినదాన్ని ఆలోచించకుండా తీసిపారేసినట్టట.

అన్నింటికీ మించి నన్ను చికాకు పెట్టిన అతని మాట ఒకటుంది. పాఠం చెప్పి, అర్థమైందా అని అడిగితే ఒక్కోసారి తలూపి, "అరదమైంది బాబూ. ఒప్పనేదు" అనేవాడు. రెండూ వేరువేరని అప్పటిదాకా నాకు తోచలేదు. నాకెవరూ నేర్పలేదు.

ఒక ఆదివారం భూగోళం చెబుతున్నాను. వాళ్ల పుస్తకంలో మన జిల్లా కొండజాతుల గురించి ఒక పేరా ఉంది. వాళ్లు సోమరులు, అజ్ఞానంతో అడవులను తగలబెట్టి నాశనం చేస్తారు, తాగుడు ఎక్కువ, ప్రభుత్వం దయతో వాళ్లను నాగరికులను చేస్తున్నది అని. పరీక్షలో తప్పకుండా వచ్చే ప్రశ్న. నేను చదివి వినిపించి, అర్థమైందా అన్నాను. అతను నేలవైపు చూశాడు.

"ఇది రాసినాయన మా కొండకొచ్చేడా బాబూ?"

"వచ్చి ఉండడు. రానక్కర్లేదు."

"మరి నాను సోమరినని ఎలాగ తెలిసింది?"

"నిన్ను కాదురా అన్నది. మామూలుగా అన్న మాట. పరీక్షలో ఇలా రాస్తేనే మార్కులు."

"అరదమైంది. ఒప్పనేదు."

నాకు కోపం వచ్చింది. ఆ పేరా పదిసార్లు రాయమన్నాను. అతను సాల మూల కూర్చుని, పొద్దుగూకేదాకా, ఆ పెద్ద అక్షరాలతో పదిసార్లూ రాశాడు. ఒక్క తప్పు లేదు. చివర పదకొండోసారికి మాత్రం ఒక్క వాక్యం సొంతంగా రాసి ఉంది. 'మా అయ్య కోడి కుయ్యకముందే నెగుస్తాడు.' నేను ఎర్ర పెన్సిలుతో దాన్ని కొట్టేసి, 'లేస్తాడు' అని దిద్దాను.

ఆ పరీక్షలో అతనికి భూగోళంలో మంచి మార్కులు వచ్చాయి. అయిదో ఫారానికి వెళ్లాడు. మా సంఘానికి పేరొచ్చింది.

దసరా సెలవులకు కొండెక్కి వచ్చినవాడు ఒక వెదురు గొట్టం తెచ్చాడు. అందులోంచి ఒక అచ్చు కాగితం తీసి నా ముందు పరిచాడు. ముఠాదారు ఇంటి గోడకు అంటించినదాన్ని చినగకుండా ఊడదీసి తెచ్చాడు.

"సదవండి బాబూ. నాను సదివినాను. నాకరదమైందే ఇందులో ఉన్నాదో, మరోటి ఉన్నాదో తవరు సెప్పాల."

చదివాను. ఫలానా గెడ్డ వాగు నుంచి పెద్దరాయి దాకా, అక్కణ్ణుంచి శిఖరం దాకా అంతా సర్కారు అడవి కాబోతున్నది. ఆ లోపల ఎవరికైనా హక్కులుంటే మూడు నెలల్లోగా అర్జీ పెట్టుకోవాలి. పెట్టుకోనివాళ్లకు హక్కు లేనట్టే లెక్క. అతనికి అర్థమైందీ అదే.

"ఆ లోపల ఏముందిరా?" అని అడిగాను.

"మాం ఉన్నాం బాబూ" అన్నాడు.

అర్జీ నేను రాసిపెడతానన్నాను. నిజంగానే అనుకున్నాను. ఒక వారం మరచిపోయాను. మరో వారం కాలేజీలో నాటకం ఉంది. మూడో వారం వెళ్లేసరికి అతనే రాసి ఉంచాడు. పధ్నాలుగు కాగితాలు. ముప్పయ్యిళ్ల వాళ్లూ ఎవరి పోడు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, ఏ తాత ఏ చెట్టు నాటాడో, ఏ రాతికి ఏ పండక్కి కోడిని కోస్తారో, ఎవరి బిడ్డల్ని ఏ గట్టున పూడ్చారో అంతా ఉంది. ఏడెనిమిదేళ్లు అతను నేర్చుకున్నదంతా ఆ కాగితాల మీద ఉంది.

"తప్పులుంటే దిద్దండి. ఆపీసు తవరి కాలేజీ కాడే గదా. మమ్మల్ని గుమ్మం ఎక్కనివ్వరు. తవరైతే లోపలికెళ్లి ఇవ్వగలరు" అన్నాడు.

అర్జీలు తీసుకునే ఆ ఆఫీసు మా కాలేజీకి నాలుగు వీధుల అవతల. అర్జీ తీసుకుని వెళ్లాను గాని, వెళ్లింది మాస్టారి ఇంటికి. ఆయన కాగితాలు తిరగేసి, నిదానంగా మాట్లాడారు.

"వాడు బాగానే రాశాడు. కాని మనం దీపం పట్టేవాళ్లమోయ్, తగాదాల్లో తల దూర్చేవాళ్లం కాదు. కొండవాళ్ల అర్జీని కాలేజీ కుర్రాడు తెచ్చి ఇచ్చాడంటే ఈ రోజుల్లో ఎవరెవరు పేరు రాసుకుంటారో నీకు తెలియదు. రేపు నీకు ఉద్యోగం రావాలి. ముందు వాణ్ణి పరీక్ష పాసు చేయించు. పాసైనవాడి మాట ఎక్కడైనా వింటారు."

ఇవ్వవద్దని ఆయన అనలేదు. ఆ అర్థం నేను తీసుకున్నాను. నాకు కావలసిందీ అదే. కాగితాలు నా పెట్టెలో బట్టల కింద పెట్టాను. ఇంకా గడువుంది గదా అనుకున్నాను. రోజూ ఆ ఆఫీసు మీదుగానే హోటలుకు వెళ్లేవాణ్ణి.

ఒక శనివారం పరుపుచుట్ట అందుకుంటూ అడిగాడు.

"ఇచ్చేరా బాబూ?"

"ఇచ్చాను."

"ఏటన్నారు?"

"చూస్తామన్నారు."

అతను పరుపుచుట్ట కిందపెట్టి నాకు రెండు చేతులూ జోడించాడు. నాకు దండం పెట్టడం అదే మొదటిసారి. మర్నాడు సెలవడిగి కొండెక్కి, ఊళ్లో చెప్పి వచ్చాడు. అర్జీ అందిందనేసరికి, వాళ్లలో ఇంకెవరూ దిగలేదు. దిగవలసిన అవసరం ఏముంది? చదువుకున్న బాబు స్వయంగా ఇచ్చాడాయె. తిరిగొచ్చేటప్పుడు ఊరు పంపిందని ఒక సొరబుర్ర నిండా తేనె తెచ్చి ఇచ్చాడు. అందులో సగం మాస్టారికిచ్చాను. చాలా స్వచ్ఛంగా ఉందని మెచ్చుకున్నారు.

గడువు దాటిన రోజు నాకు తెలుసు. ఆ రోజు లాజిక్కు పరీక్ష రాశాను.

నెల తిరక్కుండా మా సంఘం వార్షికోత్సవం వచ్చింది. సాల ముందు పందిరి వేశాం. అడవి హక్కుల విచారణ చూస్తున్న డిప్యూటీ కలెక్టరుగారే ఆ దరిదాపుల్లో మకాం ఉన్నారని మాస్టారు ఆయనను అధ్యక్షులుగా పిలిచారు. విద్యార్థుల తరఫున ఇంగ్లీషులో కృతజ్ఞతలు చెప్పడానికి అతణ్ణి ఎంచారు. ఉపన్యాసం నేను రాసిచ్చాను. మేము చీకటిలో ఉన్నాము, మీరు వెలుగు తెచ్చారు అని మొదలవుతుంది. రెండు వారాలు వల్లె వేయించాను.

అతను నా పాత చొక్కా తొడుక్కుని నిలబడి, ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పాడు. చప్పట్లు కొట్టారు. కూర్చుంటాడనుకున్నాం. కూర్చోలేదు. డిప్యూటీ కలెక్టరుగారి వైపు తిరిగి తెలుగులో అడిగాడు.

"బాబూ, మా అర్జీ తవరికి అందినాదా?"

"ఏ అర్జీ?"

అతను ఊరి పేరు, గెడ్డ పేరు చెప్పాడు. ఆయన పక్కనున్న గుమాస్తాను అడిగారు. గుమాస్తా తల అడ్డంగా ఊపాడు. "ఆ ఊరినుంచి ఒక్క అర్జీ రాలేదు. గడువు పోయిన నెలతో సరి. ఎవరికిచ్చావు?" అన్నారాయన. ఆయన మాటలో కోపమేమీ లేదు.

అతను నా వైపు చూశాడు. నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను. అతని ఆ మౌనం నాకు బాగా అలవాటే. ఆ రోజు మాత్రం భరించలేకపోయాను. పందిట్లో అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకునేంతసేపు అతను నేలవైపు చూస్తూ నిలబడ్డాడు. చివరికి అన్నాడు.

"తప్పు నాదేనండి. నానే ఎల్లి ఇవ్వాల్సింది."

మాస్టారు లేచి వందన సమర్పణ మొదలుపెట్టారు.

సాయంత్రం వెతికితే సాలలో లేడు. పుస్తకాలు వరసగా పేర్చి, వాటిమీద నా చొక్కా మడిచి పెట్టి ఉంది. పరుగున వెళ్లి ఘాటు మొదట్లో అందుకున్నాను. ఆగమంటే ఆగాడు.

"నా పేరెందుకు చెప్పలేదు?" అన్నాను.

"సెప్తే తవరు రావడం మానెస్తారు. తవర్ని సూసి మిగిల్నోలు మానెస్తారు. సాల్లో ఇంకా పదకొండుమంది గుంటలున్నారు. ఆలికి లెక్కలెవులు సెప్తారు?"

"మరి నీ చదువు?"

"నా సదువు అయిపోనాది బాబూ. ఊరికిప్పుడు ఏటని సెప్పుకుంటాను?" అని రెండడుగులు వేసి మళ్లీ నిలబడ్డాడు. "ఒక్కటడగాల. ఇవ్వనని అనుంటే నానే ఎల్లి గుమ్మం కాడ పడుందును. ఇచ్చేనని ఎందుకన్నారు?"

ఆ జవాబు తర్వాత తోచింది. ఇవ్వలేదంటే అతను నా గురించి తక్కువగా అనుకుంటాడేమో అని. అంతే. ముప్పయ్యిళ్లు ఒక పక్క, అతని కళ్లలో నా పరువు ఒక పక్క.

అతను ఎక్కి వెళ్లిపోయాడు. నేను అక్కణ్ణుంచే వెనక్కి తిరిగాను. రెండేళ్లపాటు ప్రతి వారం ఆ కొండ కిందికి వెళ్లిన మా ఆరుగురిలో ఒక్కరమూ ఆ ఘాటు ఎక్కింది లేదు. కొండ జ్వరం వస్తుందని భయం.

తర్వాత అంతా కాగితంలో రాసినట్టే జరిగింది. గెడ్డ దాటి పోడు కొట్టినవాళ్ల మీద కేసులు పెట్టారు. గొడ్డళ్లు లాక్కున్నారు. ముప్పయ్యిళ్లలో సగం తేయాకు తోటల మేస్త్రీల వెంట అస్సాం పోయాయి. మిగిలినవాళ్లు అనంతగిరి దిగువకు జరిగి రాళ్ల నేలలో గుడిసెలు వేసుకున్నారు. ఆ ఏడు సంఘం నివేదికలో మాస్టారు, ఒక కొండజాతి యువకుడు ఆంగ్లంలో అనర్గళంగా ఉపన్యసించాడని రాశారు. నేను బి.ఏ. పాసయ్యాను. తిరిగి తిరిగి, చివరకు ఆ కొండ కింది హైస్కూల్లోనే పంతులుద్యోగం దొరికింది.

ఉద్యోగంలో చేరిన రెండో ఏట, కొండ పల్లెల నుంచి పిల్లలను బడిలో చేర్పించాలని హెడ్మాస్టరు నన్ను పైకి పంపారు. అప్పుడు మొదటిసారి ఘాటు ఎక్కాను. అతని కొత్త పల్లె దారిలోనే ఉంది. వెళ్లకుండా పోదామనుకున్నాను గాని దారి వాళ్ల గుడిసెల మధ్యనుంచే.

జుట్టు సగం నెరిసింది. ముప్పై దాటని మనిషికి అంత నెరుపు నేనెక్కడా చూడలేదు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. చాప వేసి కూర్చోబెట్టి, చోడి అంబలి ఇప్పించాడు. పిల్లలకు అక్షరాలు నేర్పుతున్నావా అని అడిగాను.

"నేర్పుతాను. అచ్చరాలు ఎనక. ముందు తోవ" అన్నాడు.

అర్థం కాలేదన్నాను. అప్పుడు చెప్పాడు. నెలకోసారి ఊళ్లో ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకుని కిందికి దిగుతాడు. ఆడవాళ్లను, ముసలివాళ్లను, పదేళ్లు దాటిన పిల్లలను కూడా. తాలూకా కచేరీ ఎక్కడ, ఫారెస్టు ఆఫీసు ఎక్కడ, ఏ గుమ్మంలోంచి వెళ్లాలి, బంట్రోతు తరిమితే ఎటు నిలబడాలి, కాగితం ఎవరి చేతికివ్వాలి, ఇచ్చాక రసీదు ఎలా అడగాలి, అన్నీ చూపించి తీసుకొస్తాడు. తను పోయినా ఇంకొకరి చేతికి కాగితం ఇవ్వవలసిన పని ఊళ్లో ఏ ఒక్కరికీ ఉండకూడదని. అప్పటికి ఊరంతా ఒక విడత తిరిగి వచ్చింది. పిల్లలను బడికి పంపమని అడగడానికి వెళ్లినవాణ్ణి, ఆ మాట ఎత్తలేకపోయాను.

"ఆ అర్జీ నేను ఇవ్వలేదు" అన్నాను.

"తెలుసు గద బాబూ" అన్నాడు. "ఉన్నాదా, పారేసేరా?"

ఉందన్నాను. అతను నా చాప దగ్గరికి జరిగి కూర్చున్నాడు. తర్వాత నెమ్మదిగా, అడగరానిది అడుగుతున్నట్టు అడిగాడు. అడవి హద్దుల ఆఖరి ఉత్తర్వు ఇంకా అచ్చు కాలేదు. గడువు దాటినా, తగిన కారణం రుజువైతే అర్జీ వింటారని ఒక ప్లీడరు చెప్పాడట. కొత్త ఆఫీసరు వచ్చే సోమవారం మా ఊరి బంగళాలో మకాం చేస్తున్నాడు. ఊరంతా దిగుతున్నారు. నేను ఆ కాగితాలు తెచ్చి, గడువులోగానే ఇవి నా చేతికి వచ్చాయి, నేనే ఇవ్వలేదు అని చెబితే చాలు.

"మా మాటకి సాచ్చీకం నేదు. తవరొక్కరే ఉన్నారు" అన్నాడు.

వస్తానన్నాను. ఈసారి నిజంగానే అనుకున్నాను. కొండ దిగుతున్నంతసేపూ తేలిగ్గా ఉంది. ఇల్లు చేరి కాగితాలు బయటికి తీశాను. పధ్నాలుగూ ఉన్నాయి. ఆదివారం నా భార్యతో చెప్పాను. ఆమె విని, "జిల్లా బోర్డువాళ్లు ఊరుకుంటారా? ఇంకా పర్మనెంటు కాలేదుగా" అని మాత్రం అంది. వద్దని ఆమె కూడా అనలేదు.

సోమవారం పొద్దున చొక్కా తొడుక్కుని, కాగితాలు చంకన పెట్టుకుని గుమ్మం దాకా వచ్చాను. వీధి చివర బంగళా కనిపిస్తోంది. దాని గేటు దగ్గర వాళ్లు అప్పటికే వచ్చి, ఎండలో ఒక వరసగా కూర్చుని ఉన్నారు. ఇరవై మందికి పైనే. ముందు అతను నిలబడి ఉన్నాడు. నేను లోపలికొచ్చి చొక్కా విప్పేశాను. పక్కింటివాళ్ల చేత, పంతులుగారికి జ్వరం, లేవలేకుండా ఉన్నారని కబురు పంపించాను.

సాయంత్రం దాకా కూర్చున్నారట. ఆఫీసరు రెండుసార్లు పిలిచి, మీ సాక్షి ఏడీ అని అడిగాడట. దీపాలు పెట్టేముందు మకాం ఎత్తేశాడు.

చీకటి పడేవేళ వాళ్ల ఊరి ముసలామె ఒకతె మా గుమ్మంలోకి వచ్చింది. చేతిలో వేపకంటే చేదైన పచ్చి నేలవేము మొక్కలు, వేళ్లకు మన్ను అంటుకునే ఉంది.

"మా వోడు పంపినాడు. కొండెక్కి దిగినారు గదా, ఈ జొరం సెడ్డదంట. ఇది మరగబెట్టి తాగాలంట. తాగినాకే నన్ను రమ్మన్నాడు" అని గడప పక్కన కూర్చుంది.

నా భార్య నా ముఖం చూసి, ఆ మొక్కలు కడిగి, మరిగించి, గ్లాసులో పోసి తెచ్చింది. నేను దుప్పటి కప్పుకుని మంచం మీద కూర్చున్నాను. ముసలామె గడప దగ్గరినుంచి చూస్తూ ఉంది. ఆమె చూస్తుండగా గ్లాసు ఎత్తి చివరి చుక్క దాకా తాగాను.

ఆమె లేచి, కొంగుతో చేతుల మన్ను తుడుచుకుంది. "బేగి తగ్గిపోద్దిలే బాబూ" అని చెప్పి, రోడ్డు మీద తన కోసం ఆగి ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లిపోయింది.